గుడ్డ కట్టని డబ్బా

షెడ్డు పక్క గది
ఆదివారం

అక్కకి,

ఉత్తరం "నేను క్షేమం" అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. క్షేమమే. ఒళ్ళు క్షేమం. బుర్ర మాత్రం ఉడికిపోతోంది.

మేస్త్రీ నన్ను దొంగ అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. అందరూ టీ తాగుతుండగా ఎటో చూస్తూ, "పెట్రోలుకు ఈ మధ్య కాళ్ళొచ్చాయి" అన్నాడు. గ్యాంగంతా నా వైపు తిరిగింది. ఎందుకు తిరగదు? డబ్బాలుండేది నా గది వెనక చావిట్లో. ఆ చావిట్లోకి దారి నా గదిలోంచే. పొద్దున్నే పెట్రోల్లో ఆయిల్ కలిపేది నేనే.

నీకు కుట్టుమిషను తప్ప ఇంకో మిషను తెలియదు కాబట్టి చెబుతున్నా. మా రంపం మిషన్లు, గడ్డి కోసే మిషన్లు ఒట్టి పెట్రోలు తాగవు. టూటీ ఆయిల్ కలిపి పొయ్యాలి. లేకపోతే లోపల ఎండి బిగుసుకుపోతాయి. నీళ్ళ పంపుకు మాత్రం ఒట్టి పెట్రోలే. రెండూ డబ్బాలో ఉంటే ఏది ఏదో తెలియదు. అందుకని కలిపిన డబ్బా పిడికి గుడ్డపీలిక కడతాం. గుడ్డ ఉంటే కలిపింది, లేకపోతే ఒట్టిది. కళ్ళు మూసుకుని తడిమినా తెలిసిపోవాలి. పోతున్నదెప్పుడూ గుడ్డ కట్టని డబ్బాలోదే.

వానలు తగ్గాక నన్ను తాడెక్కిస్తానన్నాడు మేస్త్రీ. అంటే నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కి, రోడ్డు మీదకు వాలిన కొమ్మలు పైనుంచి కొయ్యడం. ఆ పని కోసం ఎంత కాచుకున్నానో నీకు తెలుసు. ఎవరూ నేర్పకపోతే షెడ్డు స్తంభానికి తాడేసుకుని నాకు నేనే ముళ్ళు నేర్చుకున్నా. ఇప్పుడేమో "పెట్రోలు సంగతి తేలనీ, చూద్దాం" అంటున్నాడు. తేలకపోతే తాడు లేదు. పని కూడా ఉండదేమో.

నా అనుమానం ఆయన మీదే. నా గది తాళంచెవి ఇంకొకటి ఆయన గుత్తిలో ఉంది. ఆయనకు కారుంది. ఇంకేం కావాలి?

బావ ఈ దారిన వచ్చేసరికి నేను కొండ మీద పనిలో ఉంటా. తాళంచెవి ఎప్పటిలాగే గుమ్మం పైన పెడుతున్నా. తిండి డబ్బా మంచం మీద పెట్టి, చినిగిన పాంటూ, మాసిన చొక్కాలూ, ఈ ఉత్తరమూ తీసుకెళ్ళమను. ఇక్కడ ఫోను అందదు కాబట్టి మనకు ఆయనే పోస్టు.

నీ చెల్లి


కుట్టుమిషను ముందు నుంచి
గురువారం

ఉడుకుమోతుకి,

పాంటు మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వేసి కుట్టాను. ఈసారి చినిగితే నీ చర్మం కుడతా. చొక్కాలు ఒకరోజంతా నానబెట్టినా ఆ పొగ వాసన వదల్లేదు. దండెం మీద ఆరేస్తే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, మీ ఇంట్లో గడ్డి కోస్తున్నారా అని అడిగింది.

నీ గొడవ చదివాను. మీ బావగారికి చెప్పలేదు. చెబితే వచ్చి మేస్త్రీతో తగువు పెట్టుకుంటారు. ఆయన తగువు సంగతి తెలిసిందే కదా, రెండు మాటలు అని మూడో మాటకు కారెక్కేస్తారు. ఆ తరవాత పడాల్సింది నువ్వు.

అసలే ఈ మధ్య ఆయన గాల్లో తేలుతున్నారు. బొత్తాలూ జిప్పులూ లేసులూ డిక్కీలో వేసుకుని మీ కొండదారి ఊళ్ళన్నీ తిరిగొచ్చినా పెట్రోలు అయిపోవట్లేదట. నడిపే చెయ్యి మంచిదైతే కారు గాలి తాగి తిరుగుతుందని వీధి చివర కూర్చుని అందరికీ పాఠం చెబుతున్నారు. మొన్న ఒకాయన పుస్తకం తెచ్చుకుని రాసుకున్నాడు కూడా.

నువ్వు మాత్రం నోరు జారకు. చూడకుండా ఎవరినీ దొంగ అనకు. తప్పు కుట్టు విప్పొచ్చు, అన్న మాట విప్పలేం.

కవరు కుట్టి పంపుతున్నా. జిగురు మీద నాకు నమ్మకం లేదు, దారం మీద ఉంది.

అక్క


షెడ్డు పక్క గది
ఆదివారం

అక్కా,

చూడకుండా అనొద్దన్నావుగా. చూసే అంటాను. ఎర వేశాను.

అసలైన ఒట్టి పెట్రోలు తీసుకెళ్ళి పంపు గదిలో ఖాళీ గోతాల వెనక దాచా. చావిట్లో ఆ డబ్బా ఉండే చోట ఆయిల్ కలిపిన డబ్బా పెట్టి, పిడికున్న గుడ్డ విప్పేశా. చూసేవాడికి అది ఒట్టిదే. గ్యాంగులో ఎవరికీ చెప్పలేదు, నీకు తప్ప. ఈ కవరు కూడా నీలాగే దారంతో కుట్టి పంపుతున్నా. ఏ మిషను తీసినా నా చేత్తోనే పోస్తున్నా కాబట్టి మా వాటికి ఢోకా లేదు.

ఇప్పుడు ఆ దొంగ దాన్ని తీసుకెళ్ళి కార్లో పోసుకుంటాడు. కారు ఇంజినుకు ఆయిల్ వేరే చోట ఉంటుంది. పెట్రోల్లో కలిసి లోపలికి రాకూడదు. వస్తే కాలీ కాలకుండా నీలం పొగ. ప్లగ్గులకు మసి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముసలి దగ్గు. మా మిషనుకు పాలు, కారుకు ఆముదం. పైగా ఆ పొగ వాసన ఈ పని చేసే వాళ్ళెవరైనా వీధి చివర నుంచే పట్టేస్తారు.

మేస్త్రీ కారు రోజూ షెడ్డు ముందే ఆగుతుంది. నేను కొడవలి నూరుకుంటూ కూర్చుంటా, పొగ కోసం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర టూటీ ఆయిల్ లేదు మరి.

బావ డ్రైవింగు గురించి రాశావు. నిజంగా గొప్పే. మా కొండదారిలో పెట్రోలు మిగిలిందన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఒకరోజు ఆగి మాక్కూడా పాఠం చెప్పమను.

నీ చెల్లి


కుట్టుమిషను ముందు నుంచి
శనివారం

ఉడుకుమోతుకి,

నీ ఎర సంగతి చదివి నవ్వలేక చచ్చాను. మీ బావగారు ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. నీకు చెట్టు మీద కోతి ఎదురైందని చెప్పా.

నువ్వు మెచ్చుకున్నావని మాత్రం చెప్పాను. ఎందుకో ఆయన పెద్దగా పొంగిపోలేదు. కారుకు దిష్టి తగిలిందట. పొద్దున స్టార్ట్ చేస్తే కాస్త దగ్గుతోంది. ఒకటి రెండుసార్లు సణిగి దారికొస్తోంది. వీధి చివర పాఠాలు తగ్గాయి. పుస్తకంలో రాసుకున్నాయన మిగతా పాఠం కోసం ఇంటికొస్తే, లేరని చెప్పమని లోపలికెళ్ళారు.

నీకు ఇంజిన్లు తెలుసు కదా. దగ్గు ఎందుకొస్తుందో చెప్పు. కారు మూలపడితే బొత్తాలు నెత్తిన పెట్టుకుని తిరగాలి. ఆయన నెత్తి అంత బరువు మొయ్యదు.

నీ మేస్త్రీ కారు పొగ వదిలిందా?

అక్క


షెడ్డు పక్క గది
ఆదివారం

అక్కా,

వదల్లేదు. పిసరంత పొగ లేదు. డబ్బా మాత్రం తగ్గింది. తీసినవాడు తీశాడు, మేస్త్రీ కారు మాత్రం పెళ్ళికొడుకులా మెరుస్తూ వచ్చి ఆగుతోంది. కోపంతో నూరీ నూరీ కొడవలి సగం అరగదీశా.

తరవాత ఆలోచిస్తే అర్థమైంది. మేం కలిపేది కాస్తే. దాన్ని నిండు ట్యాంకులో పోసుకుంటే పలచబడిపోతుంది. కారు ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. అందుకని నిన్న డబ్బాలో ఆయిల్ మూడింతలు కలిపా. ఇది మిషన్లకు కూడా పొయ్యను, దొంగకే ప్రత్యేకం. ఇది పడిందంటే ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి, కారు కదలదు.

శుక్రవారం ఓనరుగారు వస్తున్నారు, పెట్రోలు సంగతి తేల్చడానికే. అందరి ముందూ మేస్త్రీని కారు స్టార్ట్ చెయ్యమంటా. వెనక నిలబడి పొగ చూపిస్తా. అటో ఇటో ఆ రోజే తేలాలి. తాడైనా ఎక్కుతా, మూటైనా కడతా.

నువ్వు వద్దంటావని తెలుసు. వద్దనకు.

బావ కారు గురించి. దిష్టీ లేదు, గాడిద గుడ్డూ లేదు. మెకానిక్కు చూపించే ముందు నువ్వే ఒక ప్లగ్గు విప్పి చూడు. పాత పానా ఇంట్లో ఉంది. మొన పొడిగా గోధుమ రంగులో ఉంటే మంచిదే. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోందని. అప్పుడు వాసన చూసి రాయి. నేను చెబుతా.

నీ చెల్లి


కుట్టుమిషను ముందు నుంచి
గురువారం

చెల్లీ,

ఈసారి కవరు కుట్టలేదు. దీన్ని తెస్తున్నవాడు దారిలో చదువుకుంటాడని తెలిసే రాస్తున్నా. చదువుకోనీ.

మంగళవారం మీ బావ కొండదారి తిరిగి, నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. వీధి మలుపు నుంచి ఇంటిదాకా కారును నలుగురు తోసుకొచ్చారు. అప్పటికే వీధి సగం నీలం. మెకానిక్కు వచ్చి బానెట్టులోకి తల పెట్టి, ఇంజిను మొత్తం విప్పాలన్నాడు. అవసరమైతే కబురు పెడతానని పంపేశా. నువ్వు రాసినట్టే పానా తెచ్చి ప్లగ్గు విప్పా. నల్లగా, తడిగా, జిగురుగా ఉంది.

వాసన చూశా.

చెల్లీ, ఆ వాసన నాకు చెప్పక్కర్లేదు. వారం వారం దాన్నే ఉతుకుతున్నా. కళ్ళు మూసుకుంటే నువ్వొచ్చి పక్కన కూర్చున్నట్టుంది.

తరవాత డిక్కీలో లేసు చుట్టలు తీసి చూశా. అడుగున ఒక రబ్బరు గొట్టం, ఒక చిన్న డబ్బా. కొండ మీద ఏ బంకులో పోయిస్తున్నావు అని అడిగా. అడిగింది వినపడనట్టు బొత్తాల పెట్టె సర్దడం మొదలెట్టాడు. అది పొద్దుటే సర్దిన పెట్టె. నీ మీద దొంగతనం పడిందని అప్పుడు చెప్పా. ముందే చెప్పనందుకు నన్ను నేను తిట్టుకున్నా. చేతిలో బొత్తాలు జారి గదంతా దొర్లాయి. ఇంకా మంచం కింద దొరుకుతూనే ఉన్నాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడన్నావు. నిజమే, ఆయన ఎవరి చొక్కాలూ ఉతకడు కదా.

ఇంతకంటే నేను రాయను. మిగతాది నీ ముందు నిలబడ్డ మనిషి తన నోటితో చెబుతాడు. చెప్పేదాకా కూర్చోమనకు, మంచినీళ్ళు ఇవ్వకు. బస్సులో పంపుతున్నా. శుక్రవారం నువ్వు నోరు విప్పకముందే చేరాలని నా ఆశ. నీ నోరు సంగతి తెలుసు కాబట్టి భయం కూడా.

అక్క


షెడ్డు పక్క గది
శుక్రవారం సాయంత్రం

అక్కా,

బస్సు ఆలస్యం. నా నోరు కాదు.

ఓనరుగారు కుర్చీలో కూర్చున్నారో లేదో నేను లేచా. అందరి ముందూ మేస్త్రీని చూపించి, దొంగ ఈయనే, కారు స్టార్ట్ చేస్తే మీకే తెలుస్తుంది అన్నా. గట్టిగానే అన్నా. మేస్త్రీ లేచాడు. కారెక్కి స్టార్ట్ చేసి, నన్ను వెనక నిలబడమని సైగ చేశాడు. ఇంజిను మోగించి మోగించి వదిలాడు. పొగ లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు:

"వాసన సరిగా చూశావా? వంగి చూడు."

వంగి చూశా అక్కా. గ్యాంగంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ క్షణంలో భూమి చీలి ఉంటే తాడు లేకుండానే దిగిపోయేదాన్ని.

అప్పుడే గేటు దగ్గర బావ. ఒక చేతిలో తిండి డబ్బా, ఒక చేతిలో నీ ఉత్తరం. అక్కడే నిలబడి చదివా. చదవడం అయ్యాక ఆయన మొహం చూశా. ఒళ్ళంతా మంట, అక్కా. అరవాలనుకున్నా. అరవకుండా ఉత్తరం మడిచి పెట్టా. జీవితంలో మొదటిసారి.

"ఇది దార్లో చదివావా బావా?" అన్నా మెల్లగా.

"బస్సు కదలగానే చదివా."

"మరి మధ్యలో దిగిపోలేదేం?"

"దిగితే ఇంటికే పోవాలి కదమ్మా. ఇంట్లో మీ అక్క ఉంది."

నాకు నవ్వొచ్చింది. అంత కోపంలో నవ్వొస్తే ఎంత అవమానంగా ఉంటుందో నీకు తెలియదు. ఆయన ఆ తిండి డబ్బా నా చేతిలో పెట్టి, నేనేం అనకముందే ఓనరుగారి ముందుకు నడిచాడు. రెండు మాటలు అని కారెక్కే మనిషని రాశావు కదా. ఈసారి ఎక్కడానికి కారు లేదు.

"పెట్రోలు తీసింది నేనండి. మా మరదలికి తెలియదు. తన గది వెనకున్నది తనదే అనుకుని, అయినవాళ్ళ మధ్య అడిగేదేముందిలే అని తీశా" అన్నాడు. మళ్ళీ తనే, "అనుకోలేదులెండి. తెలిసే తీశా" అన్నాడు.

ఆ రెండో మాట అనకపోయుంటే నేనాయన్ని ఈ జన్మకు క్షమించేదాన్ని కాదు.

ఓనరుగారు మేస్త్రీ వైపు చూసి, ఏం చేద్దామో నువ్వే చెప్పు అన్నారు. మేస్త్రీ తీరిగ్గా ఆలోచించాడు. ఆ ఆలోచనలో ఆయన ఎంత సుఖపడ్డాడో నేను చూశా. బావ తీసిందంతా తిరిగి పొయ్యాలి, పైగా ప్రతి ఆదివారం వచ్చి గడ్డి మిషను పట్టాలి, ఈ కొండవాలు మొత్తం శుభ్రం అయ్యేదాకా. తరవాత నా వైపు తిరిగాడు. చెయ్యి చాచి గది తాళంచెవి అడిగాడు. ఇచ్చేశా. పని పోయిందనే అనుకున్నా. ఆ చేత్తోనే కొక్కేనికున్న తాడు తీసి నా మెడలో వేశాడు.

"కింద ఉంటే ఊళ్ళో ఇంజిన్లన్నీ తగలేస్తావు. నీకు పైనే మంచిది. కింద నిలబడి నన్ను దొంగ అన్నావు కదా, ఇప్పుడు పైకెక్కి కాదని చెప్పు. రోడ్డు దాకా వినపడాలి."

గేటు పక్కన పెద్ద చెట్టు ఎక్కా. ముడి నేనే వేసుకున్నా. మేస్త్రీ దాన్ని లాగి చూసి, ఎక్కమని చెయ్యి ఊపాడు. పై కొమ్మ మీద నిలబడి, "మేస్త్రీ దొంగ కాదు, నాదే తప్పు" అని అరిచా. సరిగా వినపడలేదన్నాడు. మళ్ళీ అరిచా. ఇంకోసారి అన్నాడు. అక్కా, తప్పు ఒప్పుకోవడం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. పైనుంచి రోడ్డంతా కనపడుతోంది. ఆయన చాలన్నాక కూడా ఇంకో రెండుసార్లు అరిచి దిగా. దిగాక, ఇక గుమ్మం పైన పెట్టొద్దని చెప్పి తాళంచెవి తిరిగిచ్చాడు.

ఇప్పుడు కారు సంగతి. మెకానిక్కు చేత ఇంజిను విప్పించకు. ఏమీ పాడవలేదు. ట్యాంకులోది మొత్తం తీసెయ్యండి. ప్లగ్గులు నీ కుట్టుమిషను దుమ్ము దులిపే కుంచెతో పెట్రోలు అద్ది రుద్దు, ఆరనిచ్చి బిగించు. కొత్త పెట్రోలు పోస్తే కాసేపు పొగ వచ్చి సర్దుకుంటుంది. నెలల తరబడి అదే తాగి ఉంటే సైలెన్సరులో మసి పేరుకుని ప్రమాదం అయ్యేది, మనది అంతదాకా రాలేదు. తీసింది పారబొయ్యకు. డబ్బాలో పోసి, పిడికి గుడ్డ కట్టి బావ చేత పంపు. పాళ్ళు సరిచేసి మా మిషన్లకు పోస్తాం. ఆయన పట్టే మిషనుకే ముందు.

మూడింతలు కలిపింది నేనే. అందుకు నీకు మాత్రం తప్పయిందని చెబుతున్నా, చెట్టెక్కకుండానే.

నీ చెల్లి


ఇంటి అరుగు మీద నుంచి
సోమవారం

మరదలు గారికి,

ఈ ఉత్తరం నేను రాస్తున్నా. నీ అక్క నిలబడి చూస్తోంది. అక్షరాలు వంకరపోతే నవ్వకు, నిన్న పొద్దుగూకేదాకా పట్టిన గడ్డి మిషను ఇంకా చేతుల్లోనే తిరుగుతోంది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం రాలిపోతోంది.

నువ్వు చెప్పినట్టే చేశాం. ప్లగ్గులు నీ అక్కే తోమింది. అంట్లు కూడా అంత కసిగా తోమగా నేను చూడలేదు. కారు కాసేపు ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు బాగుంది. అందరి కార్లలాగే పెట్రోలు తాగుతోంది. వీధి చివర పుస్తకం పట్టుకుని తిరిగే ఆయనకు, నేను చెప్పిన పాఠం కొట్టేసుకోమని నేనే చెప్పొచ్చా. కారణం అడిగాడు. అదీ చెప్పా. అదీ రాసుకున్నాడు.

నీ పేరు పోతుందని తెలిస్తే ఆ డబ్బా ముట్టేవాణ్ణి కాదమ్మా. ఇది మీ అక్క రాయమన్న మాట కాదు.

నిన్న నువ్వు చెట్టు మీద నుంచి, "బావా, ఎడమ పక్క గడ్డి వదిలేశావు" అని ఊరంతా వినేలా అరిచావే, ఆ ఒక్కటీ తగ్గించుకుంటే బాగుండేది. మేస్త్రీకి సాకు దొరికింది. వచ్చే ఆదివారం కుడి పక్క కూడా చూపిస్తాడట.

నా చొక్కా నీ చొక్కాలతో కలిపి ఉతికి దండెం మీద ఆరేసింది మీ అక్క. సాయంత్రం తీసి మడతపెడుతూ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏది ఎవరిదో తెలియట్లేదని అన్నీ నీ మూటలోనే కట్టేసింది. అందులో కాలరు అరగని చొక్కా నాది. తిరిగి పంపు.

నీ బావ

కవరు మాత్రం నేనే కుట్టా. ఎర్ర దారం, రెండు వరసలు. – అక్క